క్యూసీ నుంచి రెగ్యులేటరీకి మారాలంటే పరిచయాలను ఎట్లా వాడుకోవాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న పొడుగ్గా ఉంది, మిగతావాళ్ల కోసం ముందు క్లుప్తంగా చెప్తాను. పాలమూరు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. పోలేపల్లి సెజ్‌లో ఒక టాబ్లెట్ల ప్లాంట్‌లో ఏడేళ్లుగా క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే ల్యాబ్), మూడు షిఫ్టులు. రెగ్యులేటరీ అఫైర్స్‌కు (ఆర్‌ఏ, అంటే మందుల అనుమతి కోసం నియంత్రణ సంస్థలకు ఫైళ్లు పెట్టే విభాగం) మారాలని ఉంది. నౌక్రీలో ఎన్ని అప్లికేషన్లు పెట్టినా మళ్లీ క్యూసీ కాల్సే వస్తున్నాయి. అందరూ "నెట్‌వర్క్ వాడుకో" అంటున్నారు. నీకేమో పైరవీలు చేతకావు, ఉన్న పరిచయాలన్నీ మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల పోయే కంపెనీ బస్సులోనే. మేనేజర్‌కు చెప్పాలా వద్దా అనేది చివరి ప్రశ్న.

నాది నకిరేకల్ వైపు. చౌటుప్పల్ దగ్గర ఒక ఏపీఐ (మందులో అసలు పనిచేసే పదార్థం) ప్లాంట్ క్యూసీలో మొదలుపెట్టి ఆర్‌ఏకు వచ్చాను, చాలా కాలమైంది. ఇప్పుడు మా టీమ్‌లోకి మనుషుల్ని తీసుకునేటప్పుడు ఇంటర్వ్యూలు చేసేవాళ్లలో నేనూ ఒకణ్ని. రెండు వైపులా చూసినవాణ్ని కాబట్టి చెప్తున్నాను.

అసలు చిక్కు ఎక్కడుందంటే, ఉద్యోగం మారడం వేరు, లైన్ మారడం వేరు. క్యూసీ నుంచి క్యూసీకి మారాలంటే నువ్వు పెద్దగా ఏమీ చెయ్యనక్కర్లేదు. కొత్తూరులో ఏదో ల్యాబ్‌లో ఖాళీ పడితే నీతో పనిచేసి వెళ్లినవాడు ఎవడో ఒకడు ఫోన్ చేస్తాడు. "హెచ్‌పీఎల్‌సీ మెషీన్ మీద చెయ్యి తిరిగినవాడు, ఆడిట్ టైంలో తడబడడు" అని నీ తరఫున వాడే చెప్పేస్తాడు. లైన్ మారుదామనుకున్న రోజు నుంచి ఆ మాటే నీకు అడ్డం. నిన్ను బాగా ఎరిగినవాళ్లకు నువ్వు క్యూసీ మనిషివి. ఆర్‌ఏలో ఖాళీ ఉందని తెలిసినా వాళ్లకు నువ్వు గుర్తుకు రావు. క్యూసీలో ఖాళీ ఉందంటే మాత్రం వద్దన్నా లింకు పంపుతారు. నీ మీద అభిమానం లేక కాదు, వాళ్లు చూసిందే అది. ఇంట్లోవాళ్ల సంగతి ఇంకో రకం. "పర్మనెంట్ ఉద్యోగం, కంపెనీ బస్సు, క్యాంటీన్, ఇంకేం కావాలి?" అంటారు మామగారు. ఆయన తప్పేం లేదు, కూతురూ మనవరాలూ బాగుండాలనేదే ఆయన లెక్క.

మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త బోస్టన్ పక్కనున్న న్యూటన్ అనే ఊళ్లో అప్పుడే ఉద్యోగం మారినవాళ్లను అడిగి, వాళ్లు చెప్పింది 1973లో ఒక వ్యాసంలో రాశాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, ఆ తెలిసిన మనిషిని తరచూ కలిసేవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవాళ్లు 55.6 శాతం. ఏడాదికి ఒకసారో, అదీ లేకుండానో ఉన్నవాళ్లు 27.8 శాతం. దగ్గరివాళ్లకు తెలిసిన కబురు నీకూ ఎట్లాగూ తెలుస్తుంది, కొత్త కబురు దూరపువాళ్ల దగ్గరే ఉంటుందనేది ఆయన వాదన. లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మందికి పైగా మీద జరిగిన ఇంకో పరిశోధన 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. మరీ ముఖపరిచయం కంటే ఒక మోస్తరు పరిచయం ఎక్కువ పనికొస్తుందని అందులో తేలింది. అంటే దగ్గరి దోస్తూ కాదు, రిక్వెస్ట్ పెడితే యాక్సెప్ట్ చేసిన అపరిచితుడూ కాదు. మధ్యలో ఉన్నవాడు.

ఇక పైరవీ సంగతి. అర్హత లేనివాడు తెలిసిన పెద్దమనిషితో ఫోన్ చేయించుకోవడం గురించి నువ్వు భయపడుతున్నావు. ఇక్కడ అడిగేది అది కాదు, నువ్వు చేసిన పనిని చూసిన మనిషి, చూసింది చూసినట్టు ఇంకొకరికి చెప్పడం. పాలమూరు నుంచి డ్యాములకూ కాలువలకూ దేశమంతా పోయిన కూలీలు మేస్త్రీ మాట మీదే కదా పోయింది. (ఆ మేస్త్రీ పద్ధతిలో అడ్వాన్సులు, దోపిడీ కూడా ఉన్నాయి, ఆ కథ వేరు.)

మరి ఎవరిని పట్టుకోవాలి? క్యూసీకీ ఆర్‌ఏకీ మధ్య రోజూ తిరిగేవాళ్లను. మీ ప్లాంట్‌లో అట్లాంటి మనిషి కచ్చితంగా ఒకరుంటారు. హైదరాబాద్ కార్పొరేట్ ఆఫీసులో ఉన్న ఆర్‌ఏ టీమ్ డాక్యుమెంట్లు అడిగితే, క్యూఏలో (నాణ్యత పద్ధతులు, రికార్డులు చూసే విభాగం) కూర్చుని అన్ని డిపార్ట్‌మెంట్ల నుంచి కాగితాలు పోగుచేసి పంపేవారు. క్యూసీ వాళ్లంతా ఆయన్ని చూస్తే మొహం తిప్పుకుంటారు, ఎందుకంటే ఆయన వచ్చాడంటే ఏదో అడుగుతాడు. నువ్వు తిప్పుకోవద్దు. రెండోది, మెథడ్ ట్రాన్స్‌ఫర్ (పరీక్ష పద్ధతిని ప్లాంట్ ల్యాబ్‌కు అప్పగించడం) కోసం ఆర్ అండ్ డీ నుంచి వచ్చే అనలిటికల్ వాళ్లు. వాళ్లు రాసే వాలిడేషన్ రిపోర్టులే (పరీక్ష పద్ధతి సరైనదని చూపేవి) ఆర్‌ఏ పెట్టే ఫైల్‌లోకి పోతాయి కాబట్టి ఆర్‌ఏ వాళ్లతో వాళ్లకు రోజూ మాటలుంటాయి. వారం రోజులు నీ పక్కనే నిలబడి పనిచేసి పోతారు. ఆ వారంలో నువ్వు ఎట్లా పనిచేస్తావో వాళ్లకు తెలిసిపోతుంది, ఆ తర్వాత మళ్లీ మాటలుండవు. ఇందాక చెప్పిన మోస్తరు పరిచయం అంటే సరిగ్గా ఇదే. మూడోది, మీ ల్యాబ్ నుంచో, మీ యూనివర్సిటీ నుంచో ఇప్పటికే ఆర్‌ఏలోకి దూకినవాడు. ఒక్కడు దొరికినా చాలు. లింక్డ్‌ఇన్‌లో కంపెనీ పేరు, యూనివర్సిటీ పేరు పెట్టి వెతుకు.

ఇన్‌స్ట్రుమెంట్ సర్వీస్ ఇంజనీర్లను చాలామంది మర్చిపోతారు. షాద్‌నగర్, జడ్చర్ల, చౌటుప్పల్ ల్యాబులన్నీ తిరుగుతారు, ఎక్కడ ఎవరు మానేశారో వాళ్లకే ముందు తెలుస్తుంది. నీకు అప్లికేషన్ స్పెషలిస్ట్ వైపో, కంప్యూటర్ సిస్టమ్ వాలిడేషన్ వైపో మనసుంటే వాళ్లే మొదటి దారి. ఆర్‌ఏకు అంతగా పనికిరారు.

పరిచయం అంటే మాట కలపడం ఒక్కటే అనుకోకు, నీ పేరుతో పోయే మెయిల్ కూడా పరిచయమే. ఒక ఉదాహరణ చెప్తాను. అమెరికా ఎఫ్‌డీఏ నుంచి మీ ఏఎన్‌డీఏ (జెనరిక్ మందు అనుమతికి పెట్టే దరఖాస్తు) మీద ప్రశ్న వచ్చిందనుకో: ఫలానా ఇంప్యూరిటీ (మలినం) లిమిట్‌ను స్టెబిలిటీ డేటా (నిల్వలో మందు ఎట్లా మారుతుందో చూపే అంకెలు) చూసుకుని తగ్గించండి, లేదా ఎందుకు తగ్గించలేరో చెప్పండి. ఆర్‌ఏ నుంచి తిరిగి తిరిగి ఆ ప్రశ్న మీ ల్యాబ్‌కు వస్తుంది. మామూలుగా ఏం చేస్తారు? షీట్లన్నీ స్కాన్ చేసి, "ప్లీజ్ ఫైండ్ అటాచ్డ్" అని పంపి చేతులు దులుపుకుంటారు. ఆర్‌ఏలో ఉన్నవాడు రాత్రి కూర్చుని అందులోంచి అంకెలు ఏరుకోవాలి. నువ్వు అదే మెయిల్‌లో నాలుగు వాక్యాలు కలుపు. 40 డిగ్రీలు, 75 శాతం తేమ దగ్గర ఆరు నెలలకు మూడు బ్యాచ్‌లలో ఎక్కువలో ఎక్కువ ఇంత వచ్చింది. 25 డిగ్రీలు, 60 శాతం దగ్గర 24 నెలలకు ఇంత. ఇప్పుడున్న లిమిట్ ఇంత కాబట్టి ఇంత వరకు దించొచ్చు అనిపిస్తోంది. ఫలానా బ్యాచ్‌లో 18వ నెల అంకె కాస్త పైకి పోయింది, దాని ఇన్వెస్టిగేషన్ నంబర్ ఇది.

ఆ మెయిల్ మీ పద్ధతి ప్రకారం హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) చూశాకే, క్యూఏ ద్వారానే పోవాలి, అందులో అనుమానం లేదు. కానీ అవతల చదివినవాడు "ఇది ఎవరు రాశారు?" అని అడుగుతాడు. నేను అడిగాను, మా టీమ్‌లో ఇప్పుడున్న ఒకరిని మొదటిసారి గుర్తించింది అట్లాంటి మెయిల్ చూసే. ఏ రెజ్యూమె చూసీ అంత నమ్మకం కలగలేదు. ఏడాదికి అట్లాంటి అవకాశాలు ఎక్కువ రావు, వచ్చినప్పుడు నైట్ షిఫ్ట్ అని వదిలెయ్యకు.

బయటివాళ్లకు మెసేజ్ పెట్టేటప్పుడు "సర్, ఏమైనా ఓపెనింగ్స్ ఉంటే చెప్పండి" అని రాయకు. ఆ మెసేజ్‌కు "ష్యూర్, సీవీ పంపు" అని జవాబొస్తుంది, అక్కడితో కథ ముగుస్తుంది. "ఉద్యోగం కోసం కాదు సర్, ఊరికే గైడెన్స్ కోసం" అని కూడా రాయొద్దు. ఎందుకడుగుతున్నావో చదివేవాడికి తెలుసు, అబద్ధంతో మొదలుపెట్టడం దేనికి? ఇట్లా రాయి:

"నమస్తే సర్. పోయిన ఏడాది మీరు మెథడ్ ట్రాన్స్‌ఫర్‌కు జడ్చర్ల వచ్చినప్పుడు డిసొల్యూషన్ దగ్గర మీతో పనిచేశాను. ఏడేళ్లుగా క్యూసీలో ఉన్నాను, ఆర్‌ఏ వైపు మారాలని చూస్తున్నాను. మాడ్యూల్ 3 చదవడం మొదలుపెట్టాను. మీకు ఆర్‌ఏ టీమ్‌తో రోజూ పని ఉంటుంది కదా, నాలాంటివాడు ముందు ఏం నేర్చుకోవాలో ఒక పదిహేను నిమిషాలు ఫోన్లో చెప్పగలరా? ఈ ఆదివారం గానీ, మీకు వీలైన రోజు సాయంత్రం గానీ చేస్తాను."

ఎక్కడ కలిశారో, నువ్వెవరో, ఏం కావాలో, ఎంతసేపో అన్నీ అందులో ఉన్నాయి. (మాడ్యూల్ 3 అంటే అనుమతి ఫైల్‌లో క్వాలిటీ భాగం.) గుడ్ మార్నింగ్ బొమ్మలు తిరిగే ఎమ్మెస్సీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మాత్రం ఇది పెట్టకు. అందరికీ రాసిన మెసేజ్‌కు ఎవరూ జవాబివ్వరు, పైగా సాయంత్రానికి మీ ల్యాబ్‌కు చేరుతుంది.

ఫోన్లో ఏం అడగాలి? "ఆర్‌ఏలో స్కోప్ ఎట్లా ఉంది?" అంటే గూగుల్‌లో దొరికే జవాబే వస్తుంది. "నిన్న పొద్దుటి నుంచి ఏం పని చేశారు?" అని అడిగి చూడు, అసలు ఉద్యోగం కనబడుతుంది. క్యూసీ నుంచి వచ్చినవాళ్లు ఎక్కడ తడబడతారని అడుగు. నా వరకు చెప్పాలంటే, రాయడం దగ్గర. డేటా తెలుసు, కానీ డేటా ఏం చెబుతోందో ఇంగ్లిష్‌లో ఒక పేరా రాయమంటే చెమటలు పడతాయి. చివర్లో "ఇంకెవరితోనైనా మాట్లాడమంటారా?" అని అడగడం మర్చిపోవద్దు. ఒకరి నుంచి ఇంకొకరికి పోవడమే ఇందులో సగం పని.

నేను ఇందులో అన్నిటికంటే గట్టిగా చెప్పేది రెండో మెసేజ్ గురించి. నాకు ఫోన్ చేసినవాళ్లు చాలామందే ఉన్నారు. సీటీడీలో (అనుమతి ఫైల్‌కు వాడే అంతర్జాతీయ నమూనా) 3.2.పి.5 స్పెసిఫికేషన్లు, వాలిడేషన్ల సెక్షన్, 3.2.పి.8 స్టెబిలిటీ సెక్షన్, మీరు రోజూ చేసే పనే అక్కడ వేరే రూపంలో ఉంటుంది, వాటితో మొదలుపెట్టండి, ఐసీహెచ్ (మందుల నియమాలను దేశాల మధ్య ఒకే తీరుగా పెట్టే సంస్థ) సైట్‌లో గైడ్‌లైన్లు ఉచితంగానే ఉన్నాయి అని చెప్తాను. "థాంక్యూ సర్" అంటారు. ఆ తర్వాత వాళ్లను మళ్లీ చూసేది ఉద్యోగం అడిగినప్పుడే. మూడు వారాల తర్వాత "మీరు చెప్పిన క్యూ1ఏ (స్టెబిలిటీ), క్యూ3బీ (ఇంప్యూరిటీలు) గైడ్‌లైన్లు చదివాను, క్వాలిఫికేషన్ థ్రెషోల్డ్ దగ్గర ఈ డౌట్ వచ్చింది" అని రాసేవాళ్లు చాలా అరుదు. అట్లా రాసినవాడి నంబర్ నేను పేరుతో సేవ్ చేసుకుంటాను. ఖాళీ పడ్డప్పుడు ముందు గుర్తొచ్చేదీ వాడే.

రిఫరల్ అంటే ఉద్యోగం వచ్చినట్టు కాదు. దాని పని ఒకటే, మొదటి జల్లెడ దాటించడం. ఆర్‌ఏ ప్రకటనల్లో చాలావాటిలో ఎం.ఫార్మసీ అని ఉంటుంది, హెచ్‌ఆర్ వాళ్లు దాన్నే పట్టుకుని ఎమ్మెస్సీ రెజ్యూమెలు పక్కన పెట్టేస్తారు. నీకు నౌక్రీలో జరుగుతున్నది అదే అయ్యుండొచ్చు. టీమ్‌లో ఉన్న మనిషి "ఈయనది ఎమ్మెస్సీ అయినా అనలిటికల్ గట్టిది, నేను మాట్లాడాను" అంటే ఆ రెజ్యూమె మా దాకా వస్తుంది. 2018లో వల్సార్టాన్ అనే బీపీ మందులో నైట్రోసమైన్లు (క్యాన్సర్ తెచ్చే ప్రమాదమున్న మలినాలు) బయటపడ్డాక ఇంప్యూరిటీల మీద ప్రశ్నలు ఎక్కువయ్యాయి, అనలిటికల్ తెలిసిన మనిషి టీమ్‌లో ఉంటే మాకూ నిశ్చింత. ఇంకో మాట, టాబ్లెట్ల కంపెనీలనే చూడకు. చౌటుప్పల్, చిట్యాల వైపు ఏపీఐ కంపెనీల్లో డీఎంఎఫ్‌ల (ఏపీఐ వివరాలతో నియంత్రణ సంస్థలకు ఇచ్చే ఫైళ్లు) పని ఉంటుంది. అందులో మందు తయారీ, క్వాలిటీ సమాచారమే ప్రధానం, కెమిస్ట్రీ చదివినవాణ్ని అక్కడ అంత అనుమానంగా చూడరు. నేను దూరింది ఆ తలుపులోంచే.

కొన్ని చెయ్యకూడనివి. నీ పనితనం చూపించడానికి కంపెనీ కాగితం ఒక్కటి కూడా బయటికి పంపకు. ఎస్‌ఓపీ (పని పద్ధతి రాసిన కాగితం) గానీ, క్రోమటోగ్రామ్ (హెచ్‌పీఎల్‌సీ ఇచ్చే గ్రాఫ్) గానీ, పేర్లు కొట్టేసిన రిపోర్ట్ గానీ. నాకు అట్లా పంపినవాణ్ని నేను తీసుకోను, రేపు మా కాగితాలూ అట్లాగే పంపుతాడు కాబట్టి. ఆడిట్‌కు వచ్చిన కస్టమర్ కంపెనీవాళ్లతో సొంత ఉద్యోగం మాట ఎత్తకు. "రెండు లక్షలిస్తే ఆర్‌ఏలో బ్యాక్‌డోర్" అనేవాళ్లు అమీర్‌పేట నుంచి కూడా ఫోన్ చేస్తారు, ఫోన్ పెట్టెయ్యి.

బస్సు గురించి. బస్సులో అందరూ దోస్తులే, నిజమే. కానీ మహబూబ్‌నగర్ మెట్టుగడ్డ దగ్గర నువ్వు ముందు సీట్లో చెప్పిన మాట పోలేపల్లి గేటు చేరేలోపు వెనక సీటు దాటి పోతుంది. ఆర్‌ఏ మీద ఇష్టం ఉందని చెప్పు, నష్టం లేదు. ఎక్కడ అప్లై చేశావో, ఎవరితో మాట్లాడావో చెప్పకు. నౌక్రీలో మీ కంపెనీకి నీ ప్రొఫైల్ కనబడకుండా పెట్టుకునే వీలుంది, వాడుకో. లింక్డ్‌ఇన్‌లో 'ఓపెన్ టు వర్క్' అనేది రిక్రూటర్లకు మాత్రమే కనబడేట్టు పెట్టుకో, ఫొటో చుట్టూ ఆకుపచ్చ వలయం వద్దు. అయినా మీ కంపెనీవాళ్ల కంటబడదని లింక్డ్‌ఇన్ కూడా పూర్తి హామీ ఇవ్వదు. హెడ్‌లైన్‌లో ఉత్త 'క్యూసీ కెమిస్ట్' అని వదిలెయ్యకుండా, స్టెబిలిటీ, మెథడ్ వాలిడేషన్, డెఫిషియెన్సీ రెస్పాన్స్‌లకు (ఎఫ్‌డీఏ లాంటి సంస్థల ప్రశ్నలకు ఇచ్చే జవాబులు) డేటా అందించడం లాంటివి నువ్వు నిజంగా చేసి ఉంటే రాయి.

షిఫ్టుల బాధ పోతుందని ఆర్‌ఏకు రావాలనుకుంటున్నావు, ఆ ఒక్కటీ సరిచూసుకో. నైట్ షిఫ్ట్ ఉండదు. కానీ ఫైలింగ్ తేదీ దగ్గరపడితే రాత్రి పదింటికి కూడా ఆఫీసులోనే ఉంటాం, అమెరికా వాళ్లతో కాల్స్ సాయంత్రం మొదలవుతాయి. ఆఫీసులు ఎక్కువగా హైదరాబాద్‌లో. మహబూబ్‌నగర్ నుంచి కాచిగూడకు రోజూ రైలెక్కి దిగడం కొన్నాళ్లు చెయ్యగలవు, పాపను చూసుకుంటూ ఏళ్ల తరబడి చెయ్యలేవు. అద్దె, పాప బడి లెక్క ఇప్పుడే వేసుకో. మొదటిసారి జీతం పెరగకపోవచ్చు, ఒక మెట్టు కింది డిజిగ్నేషన్ కూడా ఇవ్వొచ్చు. ఈ విషయాలు నీకు నిజంగా చెప్పగలిగేది ఆ పని చేస్తున్నవాళ్లే, కాబట్టి మొదటి రెండు మూడు ఫోన్ కాల్స్ నువ్వు మారాలా వద్దా తేల్చుకోవడానికే వాడు. మాట్లాడాక ఇది నా వల్ల కాదనిపిస్తే, అదీ లాభమే.

ఇక మేనేజర్‌కు చెప్పాలా అనేది. బయటి కంపెనీకి అయితే ఆఫర్ లెటర్ చేతికొచ్చి, జీతం, నోటీస్ పీరియడ్ సంగతి తేలేదాకా చెప్పకు. మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీస్ ఎన్ని రోజులో ఇప్పుడే తీసి చూసుకో, 90 రోజులుంటే అవతలివాళ్లకు మొదటి ఇంటర్వ్యూలోనే చెప్పాలి. మీ కంపెనీలోనే కార్పొరేట్ ఆర్‌ఏకు ట్రాన్స్‌ఫర్ అడిగే ఆలోచన ఉంటే లెక్క తిరగబడుతుంది. అక్కడ హెచ్‌ఓడీ సంతకం లేకుండా కాగితం కదలదు, పైగా ఆర్‌ఏ హెడ్ ముందు ఫోన్ చేసేది ఆయనకే. ఆయన ఆ ఫోన్లో వింటే అవమానంగా తీసుకుంటాడు. ఆడిట్ లేని వారం చూసుకుని, రౌండ్స్ అయ్యాక, క్యాబిన్‌లో ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి చెప్పు. స్టెబిలిటీలో నీ స్థానంలోకి ఎవరిని తయారు చేస్తున్నావో కూడా అప్పుడే చెప్పు, ఆయన మొదట అడగబోయేది అదే.